ఎముక గుల్లల సీసాతో మెల్‌బోర్న్ నుంచి సిడ్నీకి

ఆస్ట్రేలియా వెళ్ళొచ్చానని తెలిసినవాళ్ళంతా ముందు కంగారూల సంగతే అడుగుతున్నారు. ఒక్కటంటే ఒక్క కంగారూను చూశాను. హైవే పక్కన చచ్చి పడి ఉంది. సముద్రం చూడలేదు. సిడ్నీలో అందరూ ఫొటో దిగే ఆ తెల్ల చిప్పల భవనమూ చూడలేదు. తొమ్మిది రోజుల్లో నేను చూసింది మూడు వంటిళ్ళు, రెండు ల్యాబులు, బోలెడంత ఎండుగడ్డి. అయినా కూర్చుని రాస్తున్నానంటే, నా ముప్ఫయ్యేళ్ళ ఉద్యోగం గురించి నాకే తెలియని సంగతి ఒకటి అక్కడ తెలిసింది.

ముందు నా పని చెప్పాలి. హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో పదార్థ శాస్త్రవేత్తగా చేసి రెండేళ్ళ కిందట రిటైరయ్యాను. మన ఎముకలో ఉండే సున్నపు పదార్థాన్నే ల్యాబులో తయారుచేసి, మెత్తగా నూరి, కొలిమిలో కాల్చి, ఆవగింజలంత గుల్లలు చేసేవాళ్ళం. ఎముక విరిగి లోపల ఖాళీ ఏర్పడితే డాక్టర్లు ఆ గుల్లలు నింపుతారు. శరీరం వాటిని పరాయివి అనుకోకుండా చుట్టూ కొత్త ఎముకను అల్లుకోవాలి. ఊరందరి గుల్లల కంటే మా గుల్లల చుట్టూ ఎముక త్వరగా అల్లుకుంది. కుందేళ్ళలో చూసి, నిర్ధారించుకుని, వ్యాసం రాశాం. నాకు పేరొచ్చినా, ప్రమోషన్ వచ్చినా, వేదికల మీద శాలువాలు కప్పినా ఆ ఒక్క వ్యాసం చలవే.

పోయిన ఏడాది ఆ పత్రిక సంపాదకుల నుంచి ఉత్తరం వచ్చింది. మీరు రాసినట్టే చేసినా ఆ ఫలితం రావడం లేదని ఒక పరిశోధకుడు ఆధారాలతో తెలియజేశారు, వివరణ ఇవ్వండి, ఇవ్వలేకపోతే వ్యాసాన్ని వెనక్కి తీసుకోవలసి ఉంటుంది అని. ఆ పరిశోధకుడి పేరు రాయలేదు. రాయనక్కర్లేదు, ఫణి అని నాకు తెలుసు.

ఫణి నా దగ్గర పీహెచ్‌డీ చేసిన ఆఖరి విద్యార్థి. తెనాలి వైపువాడు. ఇప్పుడు మెల్‌బోర్న్‌లో ఒక యూనివర్సిటీలో అవే గుల్లల మీద పనిచేస్తున్నాడు. రావడం లేదు మేడం అని మూడు మెయిళ్ళు పెట్టాడు. మూడింటికీ నేను ఒకటే జవాబిచ్చాను, ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వ్యవహారం అని. సంపాదకుల ఉత్తరం వచ్చాక అతనే ఫోన్ చేశాడు. "టికెట్ పంపిస్తాను, రండి మేడం. మీ కళ్ళ ముందే చేస్తాను" అన్నాడు. గౌరవంతో పిలిచాడో, నిలదీయడానికి పిలిచాడో అర్థం కాలేదు. అనుమానం నాకు కొత్త కాదు. అది శాస్త్రవేత్తకు అన్నం లాంటిదని ఏటా కొత్త విద్యార్థులకు పాఠం చెప్పినదాన్ని. ఆ వ్యాసం నాటి గుల్లలు ఒకే ఒక్క సీసా మిగిలి ఉంటే, దాన్ని చేతిసంచీలో పెట్టుకుని బయల్దేరాను.

మెల్‌బోర్న్ విమానాశ్రయం

విమానంలోనే ఒక కార్డు ఇచ్చారు. ఆహారం ఉందా, ఆకులు ఉన్నాయా, జంతువులకు సంబంధించినవి ఉన్నాయా అని ప్రశ్నలు. నేను అన్నింటికీ ఉన్నాయి అని గీత పెట్టాను. అబద్ధం రాసి దొరికిపోవడం కంటే నిజం రాసి నిలబడడం మేలు.

బల్ల దగ్గర నెరిసిన జుట్టున్న ఒక ఆఫీసరమ్మ సీసాను వెలుతురుకు పెట్టి చూసి, ఏమిటిది అని అడిగింది.

"ఎముక" అన్నాను.

"ఎవరిది?"

"ఎవరిదీ కాదు."

అక్కడ పప్పులో కాలేశాను. ఆమె నవ్వుతూనే ఇంకొకాయన్ను పిలిచింది. ఆయన ఇంకొకాయన్ను పిలిచాడు. ఒక కుక్క వచ్చి సీసాను వాసన చూసి వదిలేసి, నా ఆవకాయ దగ్గర మాత్రం చాలాసేపు నిలబడింది. సంస్థ ఇచ్చిన ధ్రువపత్రం చూపించాను, ఇది రసాయనాలతో చేసినది, ఏ ప్రాణికీ సంబంధం లేదని చెప్పాను. నలభై నిమిషాల తర్వాత సీసా తిరిగి ఇచ్చారు, ఆవకాయ కూడా ఇచ్చారు. ఫణి భార్య కోసం ఎండబెట్టి తీసుకెళ్ళిన కరివేపాకు మాత్రం తీసేసుకున్నారు. ఇంతసేపూ ఒక్కరూ గొంతు పెంచలేదు. మన దగ్గర కస్టమ్స్‌వాడు కసిరితే వాడి మనసులో ఏముందో తెలుస్తుంది. వీళ్ళు "థ్యాంక్స్ ఫర్ డిక్లేరింగ్" అని దణ్ణం పెట్టినంత మర్యాదగా పంపిస్తే నాకు బయటికొచ్చాక కూడా అనుమానం తగ్గలేదు.

క్రెయిగీబర్న్

ఫణి ఇల్లు ఊరికి ఉత్తరాన, క్రెయిగీబర్న్‌లో. ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. మొదటిరోజు వాకింగ్‌కు వెళ్ళి పక్కింటి తలుపు కొట్టాను, తీసినవాళ్ళు పంజాబీలు. వాళ్ళే నన్ను ఫణి గుమ్మం దాకా దిగబెట్టారు.

ఫణి భార్య సౌజన్యది గుంటూరు. కరివేపాకు పోయిందంటే నాకంటే ఎక్కువ బాధపడింది. "ఇక్కడ షాపులో నాలుగు రెబ్బలు మూడు డాలర్లు మేడంగారూ. పోపులో వేశాక తీసి పారేయడానికి మనసొప్పదు, నమిలి మింగేస్తున్నాం" అంది. సాయంత్రం దోసె తినడానికి తీసుకెళ్ళారు. మసాలా దోసె పద్ధెనిమిది డాలర్లు. నేను లెక్కలు కట్టడం చూసి ఫణి, "రూపాయల్లోకి మార్చకండి మేడం, నోట్లోకి దిగదు" అన్నాడు. మార్చాను, దిగలేదు.

వాళ్ళ పాపకు ఏడేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషే. నా ఎదురుగా నిలబడి తేరిపార చూసి, "ఆర్ యూ ద స్కేరీ వన్?" అని అడిగింది. సౌజన్య దాని నోరు మూసింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఫణి లేచి మంచినీళ్ళు తేవడానికి వెళ్ళాడు. ఇంట్లో నా గురించి ఎలాంటి మాటలు నడుస్తున్నాయో అర్థమైంది.

ఆ వీధిలో పార్సిళ్ళు గుమ్మం ముందు పడేసి వెళ్ళిపోతారు. ఎవరూ ఎత్తుకుపోరు. నమ్మకం కుదరక ఎదురింటి ముందున్న అట్టపెట్టెను కిటికీలోంచి అరగంట కాపలా కాశాను. ఎవరూ రాలేదు. ఆ రాత్రి నా సీసాను దిండు కింద పెట్టుకుని పడుకున్నాను.

ఫణి ల్యాబ్

రెండు రోజులు ఎత్తు స్టూలు మీద కూర్చుని ఫణి పనిచేస్తుంటే చూశాను. నా వ్యాసాన్నే గోడకు అంటించుకున్నాడు. ఒక్కో వాక్యం పైకి చదవడం, చేయడం, నా వైపు తిరిగి "అవునా మేడం?" అనడం. లోపల గుండ్లు దొర్లుతూ పొడిని నూరే జాడీలు ఉంటాయి, వాటిని యాసిడ్‌తో కడిగి, యంత్రంలో పెట్టి ఇంకోసారి కడిగాడు. వాటిలో అన్నం పెట్టినా తినొచ్చు, అంత శుభ్రం. తప్పు పట్టాలని వెళ్ళిన నాకు గోరంత తప్పు దొరకలేదు. దొరక్కపోవడంతో ఇంకా అనుమానం పెరిగింది. ఇంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసేవాడికి ఎందుకు రాదు?

మూడోనాడు కొలిమి తెరిచి కొత్త గుల్లలు తీశాడు. పాతవాటినీ వీటినీ పక్కపక్కన పెట్టి పెద్ద మైక్రోస్కోపులో చూడాలి. ఏ ముక్కలో ఏ మూలకం ఎంత ఉందో కూడా ఆ యంత్రం చెబుతుంది. దానికోసం కాన్‌బెరా వెళ్దాం అన్నాడు.

"ఇంత పెద్ద యూనివర్సిటీలో మైక్రోస్కోపు లేదా?"

"ఉంది మేడం. నా యూనిలో నేనే చూసి చెబితే మీరు నమ్ముతారా?"

నేను సీసాను సంచీలో సర్దుకున్నాను.

దారిలో

కారులో ఏడెనిమిది గంటల ప్రయాణం. రోడ్డుకు అటూ ఇటూ గడ్డి, గొర్రెలు, మళ్ళీ గడ్డి. మనుషులు కనబడరు. మా వైపు అయితే ఇంతలో నాలుగు ఊళ్ళూ నలభై హోర్డింగులూ వచ్చేవి. మధ్యలో ఒక చిన్న ఊళ్ళో బేకరీ దగ్గర ఆగి కూరగాయల పఫ్ లాంటిది ఒకటి కొనుక్కున్నాం. ఏడు డాలర్లు. ఉప్పూ లేదు, కారమూ లేదు, వేడి మాత్రం నాలుక కాలేంత ఉంది. సంచీలోంచి ఆవకాయ తీసి అద్దుకు తింటుంటే బేకరీ అమ్మాయి వచ్చి కొంచెం రుచి చూడొచ్చా అని అడిగి, తిని, కళ్ళ నీళ్ళు పెట్టుకుని, ఇంకొంచెం అడిగింది. ఆ దేశంలో నేను వెంటనే నమ్మిన మనిషి ఆ పిల్ల.

ఊరు దాటాక ఒక గేటు పక్కన చిన్న బల్ల, దాని మీద గుడ్ల అట్టలు, ఒక రేకు డబ్బా. అమ్మేవాళ్ళు లేరు. డబ్బాలో ఐదు డాలర్లు వేసి ఒక అట్ట తీసుకోవడమే. కెమెరా ఎక్కడ పెట్టారా అని నేను చెట్ల కొమ్మల్లో వెతుకుతుంటే ఫణి నవ్వాడు. నేనొచ్చాక అతను నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు చూసి అడిగేశాను.

"సంపాదకులకు నా మీద రాసింది నువ్వే కదూ?"

"అవును మేడం. నేనే రాశాను."

తడబడతాడనుకున్నాను, లేదు. నేనే తడబడ్డాను. "నాకొక మాట చెప్పకుండా ఎలా రాశావు?"

"మూడుసార్లు చెప్పాను కదా మేడం." గుడ్ల అట్ట వెనక సీట్లో పెట్టి, కారెక్కి, కాసేపు స్టార్ట్ చేయలేదు. "మీ పేపర్ నమ్మి ఈ ప్రాజెక్ట్ తీసుకున్నాను. ఏడాదిన్నర నుంచి ఒక్క బ్యాచ్ కూడా రాలేదు. ఇది రాకపోతే నా ఉద్యోగానికి రెన్యూవల్ లేదు. సౌజన్యకి ఇంకా పూర్తిగా చెప్పలేదు. నాకు రాలేదని రాయాలి, లేకపోతే వచ్చిందని అబద్ధం రాయాలి. రెండోది మీరు నేర్పలేదు."

అతని మాటలో తప్పు లేదు. అయినా కోపం తగ్గలేదు. మిగతా దారంతా రేడియో విన్నాం.

గంగాలిన్

కాన్‌బెరాలో మా మకాం గంగాలిన్‌లో, రహీం ఇంట్లో. రహీంది చీరాల. మైక్రోస్కోపు నడిపేది ఆయనే. ఆయనా ఫణీ ఇక్కడికొచ్చిన కొత్తల్లో ఒకే గదిలో ఉన్నారట. "స్నేహితుడి మాట మీద మిషన్ అబద్ధం చెబుతుందేమోనని మేడంగారి అనుమానం, కదండీ?" అని గుమ్మంలోనే అడిగాడు. నేను కాదనలేదు. ఆయన భార్య నస్రీన్ గోంగూర మాంసం వండింది. గోంగూర కుండీల్లో పెంచిందట, చలికి వాడిపోయే ముందు ఆఖరి కోత. అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాను.

పొద్దున్నే ఎర్ర ట్రామ్‌లో ఊళ్ళోకి వెళ్ళాం. కార్డు తాకించి ఎక్కాలి, దిగేటప్పుడు మళ్ళీ తాకించాలి. కండక్టరు లేడు, చూసేవాడు లేడు. తాకిందో లేదోనని నేను మూడుసార్లు తాకించాను, దిగేటప్పుడు మరిచిపోయాను. చలికి ముక్కు మొద్దుబారింది. పక్కన ఆఫీసులకు వెళ్ళేవాళ్ళు సగంమంది మనవాళ్ళే, మెళ్ళో ఐడీ కార్డులు, చేతిలో కాఫీ.

ల్యాబులో రహీం మైక్రోస్కోపు కింద మొదట ఫణి చేసిన గుల్లలు పెట్టాడు. తర్వాత నా సీసాలోంచి నాలుగు గుల్లలు తీసి పెట్టాడు. తెర మీద గీతలు లేచాయి. కాల్షియం, ఫాస్ఫరస్, రెండింటిలోనూ ఒకేలా. పాతవాటిలో మాత్రం పక్కన ఇంకో చిన్న గీత.

"సిలికాన్ మేడం" అన్నాడు రహీం. నాలుగు చోట్ల చూశాడు. నాలుగు చోట్లా ఉంది.

సిలికాన్ కొంచెం కలిస్తే ఎముక త్వరగా అల్లుకుంటుందని ఈ రంగంలో అందరికీ తెలుసు. నా వ్యాసంలో సిలికాన్ మాటే లేదు. ఫణి నెమ్మదిగా అడిగాడు, "మేడం, ఏమైనా కలిపారా? పేపర్లో రాయకుండా?"

నా ఒళ్ళు మండిపోయింది. "ఏమీ కలపలేదు."

"మరి ఎక్కడ్నుంచి వచ్చింది మేడం?"

"అది నువ్వు చెప్పాలి. మూడు రాత్రులు ఆ సీసా నీ ఇంట్లో ఉంది."

నిజానికి ఆ మూడు రాత్రులూ సీసా నా దిండు కిందే ఉంది, పగలు నా సంచీలో ఉంది. ఆ సంగతి తెలిసే అన్నాను. రహీం కుర్చీ వెనక్కి జరిపి, "మేడం, మిషన్‌కి మీరూ ఫణీ ఒకటేనండి. ఉన్నదే చూపించింది" అన్నాడు. ఫణి కోటు తీసుకుని బయటికి వెళ్ళాడు. మధ్యాహ్నం బస్సుకు నేను ఒక్కదాన్నే సిడ్నీ ప్రయాణమయ్యాను. నన్ను బస్సు దాకా దింపింది రహీమే.

సిడ్నీ బస్సు

పక్క సీట్లో ఒక ముసలావిడ ఊలు అల్లుకుంటూ బిస్కెట్ ఇవ్వబోయింది. ప్రయాణాల్లో ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఇచ్చింది తినకూడదని చిన్నప్పుడు మా అమ్మ చెప్పిన మాట. వద్దన్నాను. గంట తర్వాత ఆకలేసి, ఆవిడ తాను రెండు తిన్నాక, అడిగి తీసుకున్నాను.

నేనేం చేసేదాన్నో చెబితే ఆవిడ సూదులు ఆపి తన తుంటి మీద తట్టుకుంది. లోపల ఉన్నది కృత్రిమంగా చేసిన ఎముకేనట. మీలాంటివాళ్ళు ఎవరో చేసి ఉంటారు, ఎవరో తెలియదు, దాని మీదే రోజూ కుక్కను తిప్పుతున్నాను అంది. నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళు నేను చేసిన పని ఇలాంటి ముసలావిడల కోసమే. ఇక రేపట్నుంచి నా పేరు విన్నవాళ్ళు, ఆ దొంగ లెక్కల ఆవిడా అని అడుగుతారు. నేను ఏమీ కలపలేదు. నా మాట నేను తప్ప ఎవరూ నమ్మరు, నమ్మేవాడొకడుంటే వాణ్ణి ఆ పొద్దునే దొంగను చేశాను.

స్కోఫీల్డ్స్

సిడ్నీలో నేను దిగింది స్కోఫీల్డ్స్‌లో, స్వప్న ఇంట్లో. స్వప్న మా ల్యాబు అటెండరు సాయమ్మ కూతురు. సాయమ్మది భువనగిరి పక్కన పల్లె. మా దగ్గర గిన్నెలూ జాడీలూ కడిగి, నేల తుడిచి, ఫణి చేరకముందే రిటైరైంది. స్వప్న నర్సింగ్ చదువుకు నేనొక సిఫార్సు ఉత్తరం రాసిచ్చాను. ఇప్పుడు ఆసుపత్రిలో నర్సు, భర్త ట్రక్కు నడుపుతాడు, కొత్త ఇల్లు. ఆస్ట్రేలియా వస్తున్నానని తెలిసిన రోజు నుంచి రమ్మని ఒకటే ఫోన్లు. ఇంకేదో సంతకం కావాలేమో అని నా మనసు. తీరా వెళ్తే ఏమీ అడగలేదు. జొన్నరొట్టె చేసింది, అంకాపూర్ కోడికూర అని వండింది, దుప్పటి ఉతికి పరిచింది.

మర్నాడు శనివారం. భోజనాలయ్యాక స్వప్న గిన్నెలు కడగడానికి రబ్బరు గ్లవుజులు తొడుక్కుంది. డిష్‌వాషర్ ఉండగా ఎందుకు, పైగా ఇంత చిన్న పనికి గ్లవుజులా అని వేళాకోళమాడాను.

"గ్లవ్స్ లేకుండ నేను సబ్బు కూడ ముట్ట మేడం. అమ్మ చేతులు చూసిన గద."

"ఏమైంది అమ్మ చేతులకు?"

"ల్యాబుల పౌడర్‌కు పగిలి నెత్తురొస్తుండె. అన్నం కలుపుకోరాకపోతుండె. నేనే తినిపిచ్చేదాన్ని. తర్వాత బూడిద పట్కపోవుడు మొదలువెట్టినంక జెర నయమైంది."

ఆ మాట అనేసి ఆగింది. కుళాయి కట్టేసింది.

"ఏం బూడిద?" అన్నాను.

"ఏం లేదు మేడం."

"ఏం బూడిద స్వప్నా? కట్టెలదా? పిడకలదా? ఊకదా? ఎన్నాళ్ళు వాడింది? ఎవరు చెప్పారు వాడమని? నీకెలా తెలుసు?"

స్వప్న గ్లవుజులు తీసి సింకు అంచున పెట్టింది. "మీరు ఇట్ల అడుగుతరనే అమ్మ మీకు చెప్పలే మేడం."

నేను కూర్చుండిపోయాను. అది ఊకబూడిదే అయితే, దాదాపు అంతా సిలికా, అంటే సిలికాన్ ఉన్న పదార్థమే. దాంతో జాడీలు తోమి, మామూలు నీళ్ళతో తొలిస్తే, గరుకు గోడల్లో ఎంతో కొంత మిగులుతుంది. గుండ్లతో పాటు అదీ నలిగి పొడిలో కలుస్తుంది. కొలిమిలో కాలుతుంది. నా గుల్లలు మెరుగ్గా ఎందుకున్నాయో ఆ వంటింట్లో తెలిసింది. సాయమ్మ వెళ్ళిపోయాక మా ల్యాబులోనే ఫలితాలు ఎందుకు పడిపోయాయో కూడా తెలిసింది. పడిపోయిన ప్రతిసారీ నేను విద్యార్థులనే తిట్టాను. ఇద్దరు పిల్లలు మధ్యలో మానేసి వెళ్ళిపోయారు.

జాడీలు తోమే ఆ తెల్ల పౌడరు తెప్పించింది నేనే. గ్లవుజుల ఇండెంటు మీద సంతకం పెట్టిందీ నేనే, విద్యార్థులకు సరిపడా. సాయమ్మకని ఒక్క జత కూడా రాయలేదు. పదిహేనేళ్ళు రోజూ ఆమె చేతుల మీదుగా టీ తీసుకున్నాను. ఆ చేతులు ఎలా ఉండేవో ఇప్పుడు కళ్ళు మూసుకున్నా గుర్తు రావడం లేదు. సిగ్గేసింది. ఇంతకంటే మంచి మాట నాకు దొరకలేదు.

భువనగిరికి వీడియో కాల్

మాకు మధ్యాహ్నం, సాయమ్మకు పొద్దున. స్వప్న ఫోన్ నా చేతికిచ్చింది. సాయమ్మ తలకు నూనె రాసుకుంటున్నట్టుంది, నన్ను చూడగానే కొంగు సర్దుకుని లేచి నిలబడింది. ఫోన్లో కనిపించినదానికి కూడా లేచింది.

"సాయమ్మా, ల్యాబులో జాడీలు దేంతో తోమేదానివి?"

ఆమె కళ్ళు నా వెనక ఉన్న కూతురి కోసం వెతికాయి. "మీరిచ్చిన పౌడర్‌తోనే మేడం."

"బూడిద వాడేదానివట కదా?"

"లేదు మేడం. ఎవలు చెప్పిండ్రు? నేనేం చెయ్యలే. పౌడర్‌తోనే తోమిన."

ఆమె కాదంటే ఇక అంతే సంగతులు. నా దగ్గర మిగిలేది కూతురి నోటి మాట ఒక్కటే. వ్యాసం పోతుంది, నా పేరుతో పాటు ఫణి ఉద్యోగమూ పోతుంది. గట్టిగా అడిగితే చెబుతుందని తెలుసు. ఎలా అడిగితే మనుషులు బెదిరి నిజం కక్కుతారో నాకు ముప్ఫయ్యేళ్ళ అలవాటు. నోటి దాకా వచ్చింది కూడా. ఎదురుగా ఆమె ఇంకా నిలబడే ఉంది.

"కూర్చో సాయమ్మా" అన్నాను. కూర్చోలేదు. "ఆ పౌడరు నీ చేతులు కొరికేసిందని ఇవాళ స్వప్న చెబితే తెలిసింది. నేనొక్కసారి కూడా చూడలేదు. గ్లవుజులు తెప్పించలేదు. తప్పు నాది. నువ్వు బూడిదే వాడి ఉంటే, ఆ గుల్లలు బాగా రావడానికి కారణం అదే. నాకు తెలియక నా గొప్పే అని చెప్పుకున్నాను."

పక్కింట్లో ఎవరో మోటరు వేసిన చప్పుడు వినిపించింది.

"నా పింఛన్‌కు ఏం కాదు గద మేడం?"

"కాదు."

"కాయితం మీద రాస్తరా?"

"రాసిస్తాను. సంతకం పెట్టి స్వప్న చేతికి ఇస్తాను, ఇప్పుడే."

స్వప్న కాగితం తెచ్చింది. రాసి, సంతకం పెట్టి, ఫోన్ ముందు పట్టుకున్నాను. సాయమ్మ చదవలేదు, కూతుర్ని చదవమంది. స్వప్న చదివాక అప్పుడు మంచం మీద కూర్చుంది.

"ఊకబూడిదే మేడం. రైసుమిల్లు కాడిది. నల్లది కాదు, తెల్లగ కాలినదే ఏరుకొస్తుంటి. నల్లదైతే జాడీకి మరక పడ్తది, మీరు పట్టుకుంటరు. పాతచీర గుడ్డల రెండుసార్లు జల్లిస్తుంటి, గీతలు పడొద్దని. పిడికెడు ఏస్తుంటి, పెద్ద జాడీకి పిడికెడున్నర. గుండ్లు కూడ దాంట్లనే పొర్లిస్తుంటి. నల్లా నీళ్ళతోని రెండుసార్లు కడిగి ఎండకు పెడుతుంటి."

నేను పెన్ను తీసుకుని రాసుకుంటూ పోయాను. మధ్యలో ఒక్క ప్రశ్న కూడా అడ్డం వేయలేదు. అంతా చెప్పి ఆమె నా పెన్ను వైపు చూసింది.

"రాసుకున్నరా మేడం?"

"రాసుకున్నాను."

"ఒకసారి చదువుండ్రి."

మొదటి నుంచీ చదివాను. రెండు చోట్ల తప్పు పట్టింది. దిద్దుకుని, మళ్ళీ చదివి వినిపించాను.